నడవని టెస్ట్‌కు పచ్చ టిక్కు

కోడ్ ఎడిటర్ ప్రోగ్రామర్‌కు అందించే సౌకర్యాల్లో రోజూ వాడేదీ, వాడుతున్నా లోపల ఏం జరుగుతుందో చాలామంది పట్టించుకోనిదీ టెస్ట్ పేరు పక్కన కనిపించే చిన్న మీట. ప్రోగ్రాంలోని ఒక చిన్న భాగం అనుకున్న ఫలితం ఇస్తున్నదో లేదో సరిచూడటానికి రాసే మరో చిన్న ప్రోగ్రాంను టెస్ట్ అంటారు; ఒకే పనికి సంబంధించిన టెస్టులను, వాటికి కావలసిన ముందస్తు ఏర్పాట్లతో సహా ఒక గుంపుగా కడితే అది టెస్ట్ సూట్ అవుతుంది. మీట నొక్కితే ఆ ఒక్క టెస్టే నడవాలి, లెక్క సరిపోతే పచ్చ టిక్కు, తేడా వస్తే ఎర్ర గుర్తు పడాలి. సూట్ల దగ్గరికి వచ్చేసరికి ఈ ఏర్పాటు మూడు విధాలుగా బెసుకుతుంది: ఒక్కటి నడపమంటే సూట్ మొత్తం నడుస్తుంది, లేదా పక్క సూట్‌లో అదే పేరున్న టెస్ట్ కూడా తోడుగా నడుస్తుంది, లేదా ఏదీ నడవకుండానే పచ్చ టిక్కు పడుతుంది. మొదటి రెండింటివల్ల పోయేది కాలమే. మూడోది మాత్రం పని జరిగిందని నమ్మించి ప్రోగ్రామర్‌ను తప్పుదారి పట్టిస్తుంది కనుక ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం దానికే దక్కుతుంది.

విషయం గాలిలో తేలకుండా ఒక ఉదాహరణ పెట్టుకోవడం మంచిది. సత్తెనపల్లి చుట్టుపక్కల పండిన మిర్చి గుంటూరు యార్డుకు చేరి, అక్కడ కమీషన్ కొట్టులో తూకమై, రైతు చేతికి పట్టీగా, అంటే అమ్మకం లెక్క చీటీగా తిరిగి వస్తుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తూకం ఎంత, తరుగు ఎంత తీశారు, క్వింటా ధర ఎంత పలికింది, కమీషన్, హమాలీ ఖర్చులు పోను రైతుకు ఎంత వస్తుంది అన్న లెక్కను గో భాషలో ప్రోగ్రాంగా రాస్తున్న ఒక యువతి సత్తెనపల్లిలోని ఇంటి నుంచే పని చేస్తున్నదనుకోవచ్చు. ఆమె ఈ లెక్కలకు రాసిన టెస్టులను పట్టీసూట్ అనే పేరుతో ఒక గుంపుగా కట్టింది. అందులో తరుగును సరిచూసేది టెస్ట్‌తరుగు, కమీషన్ కోతను సరిచూసేది టెస్ట్‌కమీషన్. సూట్ మొదలయ్యేటప్పుడు డేటాబేస్ తెరుచుకుని పాత ధరల పట్టిక అందులోకి ఎక్కాలి, ఆపైన టెస్టులన్నీ ఒక్కొక్కటిగా సాగాలి కాబట్టి మొత్తం నడిపితే నిమిషాలు పడుతుంది. అందుకే ఆమెకు ఒక్క టెస్ట్‌తరుగు మాత్రమే నడపగలగడం అవసరం.

గో భాషలో టెస్టులను నడిపేది భాషతోపాటే వచ్చే గో టెస్ట్ అనే కమాండ్. ఫలానా టెస్టే నడవాలని చెప్పడానికి దానికి రన్ అనే ఫ్లాగ్ ఉంది. ఫ్లాగ్ అంటే కమాండ్ పేరు తర్వాత చేర్చే సూచన. రన్‌కు ఇచ్చేది నిజానికి పేరు కాదు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే పేర్లతో పోల్చిచూసే నమూనా. ఈ నమూనాను గో టెస్ట్ మొదట స్వతంత్రంగా నిలబడే టెస్ట్ ఫంక్షన్ల పేర్లతోనే పోల్చి చూస్తుంది. టెస్ట్‌తరుగు అలాంటి ఫంక్షన్ కాదు, పట్టీసూట్ అనే రకానికి అతికించిన మెథడ్. దాన్ని గో టెస్ట్ నేరుగా చూడదు. టెస్ట్‌పట్టీసూట్ అనే ఒక మామూలు ఫంక్షన్ లోపల సూట్ రన్ అన్న పిలుపు ఉంటే, ఆ పిలుపు సూట్‌లోని మెథడ్‌లను ఏరుకుని ఒక్కొక్కటిగా నడుపుతుంది. ఈ ఏర్పాటు గో భాషలో సహజంగా లేదు, టెస్టిఫై అనే ప్రసిద్ధ లైబ్రరీ దీన్ని చేర్చింది. కాబట్టి ఎడిటర్ అమాయకంగా రన్ ఫ్లాగ్‌కు టెస్ట్‌తరుగు అన్న పేరు అందిస్తే, ఆ పేరుతో ఫంక్షన్ ఏదీ లేదు కనుక గో టెస్ట్ ఒక్క టెస్ట్ కూడా నడపకుండా, నడపడానికి టెస్టులు లేవన్న హెచ్చరిక ఒక మూల వేసి, చివర ఓకే అని ముగిస్తుంది. విఫలమైన టెస్ట్ ఒక్కటీ లేదు కాబట్టి దాని లెక్కలో అది విజయమే. కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే సంకేత సంఖ్య విజయానికి గుర్తైన సున్నాగా వచ్చిందా లేదా అని మాత్రమే చూసే ఎడిటర్ వెంటనే పచ్చ టిక్కు పెట్టేస్తుంది.

సత్తెనపల్లిలో ఒకరి ఇల్లు కనుక్కోవాలంటే మనిషి పేరు ఒక్కటే చెబితే చాలదు, ఏ బజారో కూడా చెప్పాలి. సూట్ లోపలి టెస్ట్‌కూ అలాగే రెండంచెల చిరునామా కావాలి. మొదటి అంచె సూట్‌ను నడిపే ఫంక్షన్ పేరు, అది రన్ ఫ్లాగ్‌కు వెళ్లాలి. రెండో అంచె మెథడ్ పేరు, దానికోసం టెస్టిఫై తానే ఒక ప్రత్యేక ఫ్లాగ్‌ను సమకూర్చింది. దాని పేరు టెస్టిఫై, ఆ తర్వాత చుక్క, ఆపైన ఎమ్ అనే అక్షరం. రెండు నమూనాలకూ మొదట టోపీ గుర్తు (^), చివర డాలర్ గుర్తు ($) ఉండటం అలంకారం కోసం కాదు. టోపీ గుర్తు పేరు ఇక్కడే మొదలవ్వాలని, డాలర్ గుర్తు ఇక్కడే ముగియాలని చెబుతాయి. అవి లేకుండా టెస్ట్‌తరుగు అని మాత్రమే ఇస్తే టెస్ట్‌తరుగుసున్నా, టెస్ట్‌తరుగుతడిసరుకు లాంటి పొడుగు పేర్లవన్నీ వెంట వచ్చేస్తాయి. 2016లో వచ్చిన గో 1.7 నుంచి ఒక టెస్ట్ లోపల ఉపటెస్టులను నడిపే వీలు కలిగింది. టెస్టిఫై కూడా తన మెథడ్‌లను ఇప్పుడు ఉపటెస్టులుగానే నడుపుతున్నది కనుక, ప్రత్యేక ఫ్లాగ్ లేకుండా రన్‌కే ఫంక్షన్ పేరు, ఏటవాలు గీత (/), మెథడ్ పేరు వరుసగా ఇచ్చినా సరిపోతుంది.

ఈ పొసగనితనానికి మూలం కొంత చరిత్రలో ఉంది. సూట్ అన్న ఊహ స్మాల్‌టాక్ భాషలో కెంట్ బెక్ రాసిన ఎస్‌యూనిట్ నుంచి వచ్చింది. 1997లో ఆయన, ఎరిక్ గామా కలిసి జావాకోసం జేయూనిట్ రాశాక అది లోకమంతా పాకింది. ఆ రెండు భాషల్లోనూ కోడ్ అంతా క్లాసుల్లోనే ఉంటుంది కాబట్టి క్లాసు ఒక సూట్‌గా, మెథడ్ ఒక టెస్ట్‌గా సహజంగా ఒదిగిపోయాయి. 2009లో బయటికి వచ్చిన గో భాష కావాలనే క్లాసులను వదులుకుని టెస్ట్‌ను ఒట్టి ఫంక్షన్‌గా ఉంచింది. జావా అలవాటుతో గోలోకి వచ్చినవారికి టెస్టిఫై పాత ఇంటి గదులు మళ్లీ కట్టి ఇచ్చింది, కానీ గో టెస్ట్ కమాండ్‌కు ఆ గదుల సంగతి తెలియదు. తమాషా ఏమిటంటే, సూట్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన ఆ ఎరిక్ గామాయే తర్వాత మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2015లో విడుదలైన విజువల్ స్టూడియో కోడ్ ఎడిటర్‌ను రూపొందించిన బృందానికి నాయకత్వం వహించాడు. సూట్‌నూ, సూట్ దగ్గర తడబడే ఎడిటర్‌నూ కలిపే గొలుసు ఒకే మనిషి చేతిమీదుగా సాగింది.

ఎడిటర్ ఎక్కడ తడబడుతుందో తెలియాలంటే అది చిరునామాను ఎలా కూర్చుకుంటుందో చూడాలి. ఒక్కో భాషకు తగిన తెలివిని ఎడిటర్‌కు అందించే అనుబంధ ప్రోగ్రాంను ఎక్స్‌టెన్షన్ అంటారు. గో ఎక్స్‌టెన్షన్ ఏదైనా ఫైల్ తెరవగానే అందులో టెస్ట్ అన్న మాటతో మొదలయ్యే పేర్లను ఏరి, ఒక్కోదాని నెత్తిన రన్ టెస్ట్, డీబగ్ టెస్ట్ అన్న చిన్న అక్షరాల మీటలు పెడుతుంది. మీట నొక్కినది మెథడ్ మీద అయితే, ఆ మెథడ్ ఏ రకానికి చెందినదో పేరు ముందున్న బ్రాకెట్లో కనిపిస్తుంది. చిక్కు ఆ రకాన్ని నడిపే ఫంక్షన్‌ను వెతకడంలో వస్తుంది. తేలిక దారి తొక్కి, అదే ఫైల్‌లో సూట్ రన్ అని పిలిచే ఫంక్షన్లన్నిటినీ కలిపి పంపేస్తే, ఒకే ఫైల్‌లో పట్టీసూట్, నిల్వసూట్ రెండూ ఉండి రెండింటిలోనూ టెస్ట్‌తూకం ఉన్నప్పుడు రెండూ నడుస్తాయి. పిలుపు వేరే ఫైల్‌లో ఉంటే దొరికేది ఏమీ ఉండదు. ఫైల్‌తో ఆగకుండా ప్యాకేజీ మొత్తం చదివి, ఏ సూట్ రకాన్ని ఏ ఫంక్షన్ నడుపుతున్నదో ముందే పట్టిక వేసుకుని, మెథడ్ రకాన్నిబట్టి అందులోంచి సరైన ఒక్క ఫంక్షన్‌ను తీయడం దీనికి నిజమైన మరమ్మతు. ఆ పట్టిక కూడా కోడ్‌లోని అక్షరాలను చూసి వేసేదే కాబట్టి ప్రోగ్రామర్ వైపునుంచి కొంత సాయం కావాలి: సూట్‌ను పిలుపు బ్రాకెట్లోనే కొత్తగా సృష్టించి అందిస్తే ఎడిటర్ సులువుగా గుర్తిస్తుంది, ముందు ఒక వేరియబుల్‌లో దాచి, మరో సహాయక ఫంక్షన్ చేతికిచ్చి, అక్కడినుంచి నడిపితే దారి తప్పే అవకాశం పెరుగుతుంది.

మరమ్మతుకు దిగేముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడ ఎక్స్‌టెన్షన్‌ను తీసేసి మళ్లీ పెట్టడం, ఎడిటర్‌ను మూసి తెరవడం, చివరికి కంప్యూటర్‌నే ఆపి పెట్టడం చేస్తారు. వీటితో ఎప్పుడైనా పని జరిగినా, ఎందుకు జరిగిందో తెలియదు గనుక మర్నాడు మళ్లీ అదే తంతు. మీట నొక్కినప్పుడు ఎడిటర్ చేసేది ఒకటే, ఒక కమాండ్‌ను కూర్చి పంపడం. ఆ కమాండ్‌ను గో ఎక్స్‌టెన్షన్ దాచిపెట్టదు. కింది భాగంలో ఔట్‌పుట్ అనే అరలో రన్నింగ్ టూల్ అన్న మాటలతో మొదలయ్యే వరుసలో అది అక్షరం పొల్లు పోకుండా ఉంటుంది. దాన్ని కాపీ చేసి టెర్మినల్‌లో పెట్టి, ప్రతి టెస్ట్ పేరూ చూపించే వీ అనే ఫ్లాగ్‌ను, పాత ఫలితాన్నే తిరిగి చూపించకుండా అడ్డుకునే కౌంట్ ఫ్లాగ్‌ను 1 అన్న విలువతో చేర్చి నడపాలి. రెండోది ఎందుకంటే, 2018లో వచ్చిన గో 1.10 నుంచి కోడ్ మారకపోతే గో టెస్ట్ పాత ఫలితాన్నే దాచి ఉంచి మళ్లీ చూపిస్తుంది. పక్కన క్యాష్డ్ అన్న మాట కనిపించినా కంగారులో కళ్లు దాన్ని దాటిపోతాయి.

వచ్చిన ఫలితంలో మొదట చూడవలసింది పాసా ఫెయిలా అన్నది కాదు. కోరిన మెథడ్ పేరుతో రన్ అన్న వరుస ఒకటి ఉందా, ఒక్కటే ఉందా అన్నది చూడాలి. అది లేకపోతే లోపం ఎడిటర్ కూర్చిన చిరునామాలో ఉంది. ఒకటికి మించి ఉంటే నమూనా వదులుగా ఉంది, లేదా రెండు సూట్ల ఫంక్షన్లు కలిసి వెళ్లాయి. టెర్మినల్ చూసే ఓపిక లేని రోజున మరో దగ్గరి దారి ఉంది: టెస్ట్‌లో ఆశించిన అంకెను కావాలని తప్పుగా మార్చి, అంటే తరుగు పోను 98 కిలోలు రావలసిన చోట 89 అని రాసి, మీట నొక్కాలి. అప్పటికీ పచ్చ టిక్కే పడితే ఆ టెస్ట్ నడవడం లేదు. కొత్తగా రాసిన ప్రతి టెస్ట్‌నూ మొదటిసారి ఎర్రగా చూసి గానీ నమ్మకూడదన్న పాత పద్ధతిని పాతకాలపు చాదస్తంగా కొట్టేయలేం.

టెర్మినల్‌లో సవ్యంగా నడిచినది ఎడిటర్‌లో మాత్రం విఫలమయ్యే సందర్భాలు వేరు; అప్పుడు చిరునామా సరైనదే, పరిసరాలు వేరు. కొన్ని టెస్ట్ ఫైళ్ల నెత్తిన బిల్డ్ ట్యాగ్ అనే షరతు ఉంటుంది. ఆ ట్యాగ్‌ను కమాండ్‌లో చెప్పకపోతే ఆ ఫైల్ అసలు కంపైలే కాదు. టెర్మినల్‌లో అలవాటుగా చెప్పే ట్యాగ్‌ను ఎడిటర్ సెట్టింగులలో కూడా నమోదు చేయాలి. డేటాబేస్ చిరునామా వంటివి టెర్మినల్‌కు పర్యావరణ వేరియబుల్స్‌గా, అంటే ప్రోగ్రాంకు బయటినుంచి అందే విలువలుగా తెలిసి ఉండి, మెనూ నుంచి తెరిచిన ఎడిటర్‌కు తెలియకపోవచ్చు. అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది గడువు: గో టెస్ట్ తనంతట తాను 10 నిమిషాలు ఓపిక పడుతుంది, గో ఎక్స్‌టెన్షన్ మాత్రం అలవాటుగా 30 సెకన్ల గడువు పెట్టి పంపుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో ధరల పట్టిక ఎక్కడానికే అంత సేపు పడితే టెస్ట్ మొదలవ్వకముందే గడువు తీరిపోతుంది. సెట్టింగులలో టెస్ట్ టైమవుట్ అన్న విలువను పెంచితే ఇది తీరుతుంది. డీబగ్ మీటతో నడిపేటప్పుడు మరో చిన్న తేడా ఉంది: డీబగ్గర్ నేరుగా కంపైలైన టెస్ట్ ప్రోగ్రాంతో మాట్లాడుతుంది కనుక రన్ ఫ్లాగ్ ముందు టెస్ట్, చుక్క చేరాలి, టెస్టిఫై ఫ్లాగ్ మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉండాలి. ఆ ఫ్లాగ్‌ను అన్నిచోట్లా వర్తించేలా శాశ్వతంగా సెట్టింగులలో రాసిపెట్టడం తెలివితక్కువ పని. టెస్టిఫై వాడని ప్యాకేజీ దాన్ని గుర్తించక, ఇలాంటి ఫ్లాగ్ లేదని మొరాయిస్తుంది.

చిరునామా సరై, పరిసరాలు సరై, ఒక్క టెస్టే నడిచి, అప్పుడు విఫలమైతే? సూట్ మొత్తంలో పాసయ్యే టెస్ట్ ఒంటరిగా ఫెయిలైతే నింద ఎడిటర్ మీద వేయడం పరిపాటి, కానీ ఇక్కడ ఎడిటర్ మేలే చేసింది. టెస్టిఫై సూట్‌లోని మెథడ్‌లు పేర్ల అక్షర క్రమంలో నడుస్తాయి. టెస్ట్‌అమ్మకం ఒక అమ్మకాన్ని డేటాబేస్‌లో నమోదు చేసి అలాగే వదిలేసి, తర్వాత నడిచే టెస్ట్‌కమీషన్ ఆ నమోదు మీదే లెక్క వేస్తుంటే, రెండోది ఎప్పుడూ సొంత కాళ్ల మీద నిలబడలేదన్న మాట. ఎవరైనా మొదటిదాని పేరును టెస్ట్‌విక్రయం అని మార్చిన రోజున, ఒక్క లెక్క కూడా మారకుండానే సూట్ కూలుతుంది. సూట్‌కు రెండు రకాల ముందస్తు ఏర్పాట్లు ఉంటాయి: సెటప్‌సూట్ మొత్తానికి ఒక్కసారి నడుస్తుంది, ఒక్క టెస్ట్‌నే ఎంచుకున్నా నడుస్తుంది, సెటప్‌టెస్ట్ ప్రతి టెస్ట్‌కూ ముందు నడుస్తుంది. డేటాబేస్ తెరవడం వంటి బరువైన పనిని మొదటిదానిలోనూ, అమ్మకం నమోదు వంటి మారిపోయే సమాచారాన్ని రెండోదానిలోనూ పెట్టి, టెస్ట్ ముగిశాక తుడిచేసే టియర్‌డౌన్‌టెస్ట్ కూడా రాస్తే, ఏ టెస్ట్ అయినా ఎప్పుడైనా ఒంటరిగా నడుస్తుంది. ఒక్కో మెథడ్‌నూ విడిగా నడిపి చూడటం ఈ దాగిన అప్పులను బయటపెట్టే చౌకైన మార్గం.

ఇప్పటిదాకా ఇక్కడ తెలుగు లిపిలో రాసిన టెస్టుల పేర్లు కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనివే; వాటిని తెలుగులోనే పెట్టవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడ అనుకోకుండా ఎదురవుతుంది. పాలనలో తెలుగు కోసం పాటుపడి అధికార భాషా సంఘానికి అధ్యక్షత వహించిన వావిలాల గోపాలకృష్ణయ్య ఊరైన సత్తెనపల్లిలో ఈ ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. పట్టీ లెక్కను చదివి తప్పొప్పులు చెప్పగలిగినది కొట్టు గుమాస్తా అయినప్పుడు, ఫలితాల జాబితా తెలుగులో కనిపించడం ముచ్చట కోసం కాదు, పనికోసం. గో భాష పేర్లలో అక్షరాలను ఒప్పుకుంటుంది గానీ, గుణింతపు గుర్తులను, సున్నాను, పొల్లును అక్షరాలుగా లెక్కించదు. అందుకే ధర అన్న పేరు చెల్లుతుంది, తూకం అన్నది చెల్లదు. ఉపటెస్టుల పేర్లు కొటేషన్ గుర్తుల మధ్య రాసే మామూలు వాక్యాలు కనుక అక్కడ తెలుగు నిక్షేపంగా నడుస్తుంది. మాటల మధ్య ఖాళీలు మాత్రం ఫలితాల్లో కింది గీతలుగా మారతాయి. ఇక్కడొక సూక్ష్మమైన గుంట ఉంది. సాఫ్ట్‌వేర్, యార్డ్‌లో వంటి మాటల్లో పొల్లు తర్వాతి హల్లు వత్తుగా మారకుండా అడ్డుపడేందుకు కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు చేరుతుంది. గో దాన్ని ముద్రించదగిన అక్షరంగా చూడదు కాబట్టి దాని స్థానంలో సంకేత రూపాన్ని పెట్టి పేరును తిరగరాస్తుంది. ఫైల్‌లో ఉన్న మాటతో ఎడిటర్ కూర్చిన నమూనా ఆ పేరుకు తగలదు. ఉపటెస్టుల పేర్లలో ఇలాంటి మాటలను తప్పించి, యార్డులో తూకం అని రాసుకుంటే గొడవ లేదు. పైథాన్ ఈ విషయంలో ఉదారం, తూకం అన్న పేరును నేరుగా ఒప్పుకుంటుంది. అక్కడి పైటెస్ట్ మాత్రం విలువలు మార్చి మార్చి నడిపే టెస్టుల గుర్తింపు పేర్లలో తెలుగు అక్షరాలను సంకేతాలుగా మార్చేస్తుంది. ఆ మార్పును ఆపే సెట్టింగ్ ఉంది కానీ, సహాయం కోరే హక్కులన్నీ వదులుకుంటున్నానన్న అర్థం దాని పేరులోనే వచ్చేలా తయారీదారులు దాన్ని బారెడు పొడుగున పెట్టారు.

మిగతా భాషల సంగతి క్లుప్తంగా చాలు. పైటెస్ట్‌లో చిరునామా ఫైల్ పేరు, క్లాసు పేరు, మెథడ్ పేరు వరుసగా, మధ్యలో రెండేసి జంట చుక్కల గుర్తులతో (::) స్పష్టంగా ఉంటుంది. సూట్లవల్ల కలిగే తికమక అక్కడ తక్కువ. జావాస్క్రిప్టులోని జెస్ట్ గుంపు పేరునూ టెస్ట్ పేరునూ ఖాళీతో కలిపి ఒకే వాక్యంగా చూస్తుంది, ఎంపికకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనే వాడుతుంది. అందుకే పేరులో బ్రాకెట్, ప్రశ్నార్థకం, కూడిక గుర్తు ఉంటే ఎడిటర్ వాటి ముందు వెనకవాలు గీత చేర్చకపోతే ఆ టెస్ట్ దొరకదు. పట్టికలోని విలువలను బట్టి నడిచేటప్పుడే తయారయ్యే పేర్లను ఎడిటర్ అన్నిసార్లూ ముందుగా చదవలేదు. అలాంటప్పుడు వాటిని గుంపుగా నడపడమే మార్గం.

లోపం ఎక్స్‌టెన్షన్‌దేనని తేలిన తర్వాత రెండు పనులు మిగులుతాయి. మొదటిది నేటి పని ఆగకుండా చూసుకోవడం: విజువల్ స్టూడియో కోడ్‌లో టాస్క్ అనే ఏర్పాటు ఉంది, అంటే తరచూ వాడే కమాండ్‌ను ఒక పేరుతో రాసిపెట్టి ఒక కీకి కట్టుకోవచ్చు. ప్రస్తుతం తెరిచి ఉన్న ఫైల్ ఫోల్డర్‌లో నడవాలని, ఎంచుకున్న పదాన్నే టెస్టిఫై ఫ్లాగ్‌కు విలువగా ఇవ్వాలని అందులో రాస్తే, మెథడ్ పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి కీ నొక్కడంతో పని అయిపోతుంది. సూట్‌ను నడిపే ఫంక్షన్ ప్రాజెక్టులో ఒక్కటే ఉంటే దాన్నీ అక్కడే రాసేయవచ్చు.

రెండోది లోపాన్ని ఎక్స్‌టెన్షన్ రచయితలకు తెలియజేయడం, వీలైతే సవరణ పంపడం. పెద్ద ప్రాజెక్టునంతా అంటించి పనిచేయడం లేదని రాసిన ఫిర్యాదును విప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు. రెండు చిన్న సూట్లు, రెండింటిలోనూ ఒకే పేరున్న ఒక్కో మెథడ్, లోపల లెక్కలేవీ లేని ఖాళీ టెస్టులు, ఇంతే ఉన్న చిన్న ఉదాహరణ చాలు. వాటితోపాటు ఔట్‌పుట్ అరలోని కమాండ్ వరుస, దాని స్థానంలో ఉండవలసిన సరైన వరుస, గో, ఎక్స్‌టెన్షన్‌ల వెర్షన్ సంఖ్యలు ఉంటే చదివేవారికి సగం పని తగ్గుతుంది. కమాండ్ వరుసలో సొంత ఫోల్డర్ల పేర్లు, డేటాబేస్ పాస్‌వర్డు వంటివి దొర్లకుండా ముందే తుడిచేయాలి. సవరణే పంపదలచుకున్నవారు దానికి కూడా టెస్ట్ రాయాలి, అయితే ఆ టెస్ట్ గో కమాండ్‌ను నిజంగా నడపనక్కరలేదు: ఆ రెండు సూట్ల ఫైల్ ఇస్తే ఎక్స్‌టెన్షన్ కూర్చే ఫ్లాగులు ఏవో లెక్కించి, ఆశించిన వాటితో పోలిస్తే చాలు. సూట్ రన్ పిలుపును పక్క ఫైల్‌లోకి మార్చిన రెండో ఉదాహరణను కూడా అదే టెస్ట్‌లో చేర్చాలి. మొదటిది ఒక్కటే ఉంచితే, తెరిచి ఉన్న ఫైల్‌ను మాత్రమే చదివే అరకొర సవరణ కూడా అందులో పాసైపోతుంది.